సుభిక్ష మీద పదకొండో మనిషి

ఓడను పని నుంచి తప్పిస్తున్నారన్న ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఉత్తరమంటే కాగితం కాదు, ఫోన్లోనే వచ్చింది. ఐఎన్‌ఎస్ సుభిక్ష ఇరవై ఎనిమిదేళ్ళ సేవ పూర్తి చేసుకొని శుక్రవారం సూర్యాస్తమయానికి జెండా దించుకుంటుందనీ, ఆ ఓడ మీద ఎప్పుడైనా పనిచేసిన వాళ్ళందరూ విశాఖపట్నం వచ్చి చివరి పరేడ్‌లో నిలబడాలనీ అందులో ఉంది. చదివిన నాటి నుంచి షాద్‌నగర్‌లో మా రెండు గదుల కిరాయి ఇల్లు నాకు చాలడం లేదు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గేటు దాకా, గేటు దగ్గర పనేమీ లేదు కనుక మళ్ళీ గదిలోకి.

"కాలు కాలిన పిల్లి లెక్క ఏంది నీ తిరుగుడు?" అంది నా భార్య నాగరాణి, అప్పుడే ఊడ్చిన వాకిట్లో నా చెప్పుల మట్టి చూసి. "పోతె ఓడకాడికి పో. పోకుంటె డ్యూటీకన్న పో. ఇంట్ల మాత్రం ఉండకు."

ఆమె తప్పేం లేదు. నేవీ నుంచి వచ్చిన ఐదేళ్ళలో నేను నాలుగు నౌకరీలు మార్చాను. గేటు కాడ సెక్యూరిటీ, పైపుల ఫ్యాక్టరీ, బడి బస్సుల అజమాయిషీ, ఇప్పుడు మందుల కంపెనీలో పంపుల మీద. ఎక్కడా నన్నెవరూ ఏమీ అనలేదు. నాకే కాలు నిలవదు. పదిహేడేళ్ళ కాపురంలో నాగరాణికి నేను చెప్పని మాట ఒక్కటే ఉంది. ఆ ఒక్కటే నన్ను కూర్చోనివ్వదు.

మర్నాడు పొద్దున పోచంపల్లి నుంచి, ఒకప్పుడు ఓడ మీద నా జట్టులో ఉన్న నాగేందర్ ఫోన్ చేశాడు. చేస్తాడని తెలుసు. ఫోన్ మోగుతుంటే ఎత్తకుండా గేటు దాకా పోయి వచ్చాను. ఇంకా మోగుతూనే ఉంది.

"అన్నా, ఉత్తరం చూసినవా? నువ్వు పోతేనే నేను పోత. నన్ను బతికించినోనివి నువ్వు. ఆ డెక్కు మీద నీ పక్కన ఒక్కసారి నిలబడాలె. బేస్తారం మా ఇంటికి రా, తిని ఇద్దరం సికింద్రాబాద్‌ల రైలెక్కుదాం. అమ్మ గూడ నిన్ను చూడాలె అంటాంది."

బతికించినోనివి. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ ఫోన్ చేసి ఈ మాట అంటున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడిలా ప్రతిసారీ నేను గొంతు సవరించుకుంటాను. "గట్లెందుకంటవ్‌రా" అంటాను. అది నా వినయం అనుకుంటాడు, పిచ్చోడు. ఈసారి వస్తానని ఎందుకన్నానో నాకే తెలియదు. అనేశాను.

సుభిక్ష సంగతి ముందు చెప్పాలి. అది యుద్ధం చేసే ఓడ కాదు. యుద్ధం చేసే ఓడలకు నూనె, నీళ్ళు, బియ్యం, ఉల్లిగడ్డలు మోసుకుపోయి సముద్రం నడిమధ్యలో అందించే ఓడ. మా ఊరు దేవరకొండ దగ్గర. ఊళ్ళో నేను నేవీలో ట్యాంకర్ మీద చేస్తున్నానంటే ఎండాకాలం మా వాడకు వచ్చే నీళ్ళ ట్యాంకర్ లాంటిదే అనుకున్నారు. "గా పని ఈడనే ఉండె గద కొడుకా, గంత దూరం ఎందుకు పోయినవ్?" అని మా సుక్కమ్మ చిన్నమ్మ జాలిపడింది. పెద్ద ఓడల వాళ్ళకు మేమంటే చులకన. మమ్మల్ని బర్రె అనేవాళ్ళు. అట్లా అనేవాళ్ళు కూడా ట్యాంకులు ఖాళీ అయ్యేసరికి దూడల్లాగ మా పక్కకే వచ్చేవాళ్ళు.

ఆ పని చూడడానికి తేలిక, చేయడానికి ప్రాణగండం. నూనె తీసుకునే ఓడ మాకు నలభై గజాల దూరంలోకి వస్తుంది. రెండూ ఒకే వేగంతో ఒకే దిక్కుకు సాగాలి. మాది తల తిప్పకూడదు. ఎటైనా సర్దుకోవలసింది పక్క ఓడే. మధ్యలో ఒక ఇనుప తాడు బిగించి, దానికి గొట్టం వేలాడదీసి, గంటలకొద్దీ నూనె పంపుతాం. రెండు కొండల్లాంటి ఓడల నడుమ సముద్రం ఇరుక్కుపోయి ఎగిరెగిరి పడుతుంటుంది. మా వైపు తాడు దగ్గర ఉండే పదకొండుమందికి నేను పెద్దను.

నేను ఎక్కేనాటికే దానికి పదిహేనేళ్ళు. అప్పుడే ముసలిదన్నారు. ఇంకో మూడేళ్ళు నడిపిద్దామన్నారు, అవి అయ్యాక ఇంకో మూడేళ్ళన్నారు. పంపులు మార్చారు, పైపులు మార్చారు, అడుగు రేకులు కోసి కొత్తవి అతికారు. తెలంగాణ వచ్చిన నాడు మేము నడి సముద్రంలో ఉన్నాం. మా వాళ్ళం ముగ్గురం ఉన్నామని వంటాయన కేసరి చేశాడు. ఆ ఏడే విశాఖ మీదికి పెద్ద తుఫాను వస్తుంటే ఓడలన్నీ రేవు వదిలి సముద్రంలోకి పరుగెత్తాయి. ఆ గాలిలో కూడా రెండిటికి నూనె పోశాం. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఓడ తన పని మీద తాను ఎక్కడికీ పోలేదు. ఇంకొకరికి ఆకలైన చోటికే పోయింది. అటువంటి ఓడ మీద నేను తప్పు చేశాను, చేసి దాచాను.

మేము కురుమలం. మా బాపు బీరన్నకు నూరుకు పైన గొర్రెలుండేవి. నూరుకు పైన అంటున్నాను కానీ ఎన్నని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మమ్మల్ని లెక్కపెట్టనివ్వలేదు. "మందను ఏలు వెట్టి లెక్కవెడితె తరుగుతది. సూడాలె గని లెక్కవెట్టద్దు" అనేవాడు. పొద్దుగూకే వేళ దొడ్డి దగ్గర కర్ర ఆనించుకొని నిలబడేవాడు. మంద ఆయన ముందు నుంచి లోపలికి పోయేది. ఆఖరిది పోయాక ఒక్క క్షణం ఊరుకొని "బొల్లి మూతిది రాలె, వాగుకాడ సూడు" అనేవాడు. పోయి చూస్తే వాగు దగ్గరే ఉండేది. ఆ చూపు నాకూ వచ్చింది. పదో ఏటికే నేను దొడ్డి దగ్గర నిలబడి ఏది రాలేదో చెప్పేవాణ్ణి.

ఓడ మీద కూడా అదే నడిపించాను. హాజరు తీసుకునేటప్పుడు మిగతా పెద్దలు వేళ్ళు మడిచేవాళ్ళు, పేర్లు పిలిచేవాళ్ళు. నేను ఒకసారి అటు నుంచి ఇటు చూసి "మంగళూరు వాడు లేడు, బాత్‌రూంలో ఉంటాడు" అనేవాణ్ణి. ఆఫీసర్లు నవ్వేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు. ఇదంతా చూసి నాకు పొగరెక్కింది. చదువుకున్నవాళ్ళకు లేని విద్య నాకు కొండంత ఉన్నదని రొమ్ము విరుచుకున్నాను.

రెండు వేల పదిహేను ఆగస్టు. ఓడ బయల్దేరేముందు ఒక కొత్త పిల్లవాడు ఎక్కాడు. నా యాస విని మెట్ల దగ్గర ఆపాడు. "అన్నా, మీది నల్గొండ దిక్కా? మాది పోచంపల్లి. పేరు నాగేందర్" అన్నాడు సంబరంగా. నా చేతిలో పనుంది. "మంచిది తమ్మీ, తర్వాత మాట్లాడుదాం" అని అతని ముఖం కూడా సరిగా చూడకుండా పోయాను. మూడోనాడు నా జట్టులో ఒకడికి జ్వరం వస్తే అతని బదులు నాగేందర్‌ను ఇచ్చారు. తాడు చుట్టే వించ్ పక్కన నిలబెట్టి, "నేను చెప్పేదాక ఈడికెల్లి కదలకు" అన్నాను. తలమీద హెల్మెట్, మెడదాకా లైఫ్ జాకెట్, పైన వాన.

పక్క ఓడకు నూనె సగం పోశాక పెద్ద అల లేచింది. ఆ ఓడ ముక్కు మా వైపు తిరిగి మళ్ళీ దూరంగా గుంజుకుంది. వెంటనే విడిపోవాలని సైరన్ మోగింది. మేము తాడు వదిలే లోపలే అది బిగిసి తెగింది. తెగిన ఇనుప తాడు ఎట్లా వస్తుందో కంటికి కనిపించదు, చప్పుడొక్కటే వినిపిస్తుంది. అందరం బోర్లా పడ్డాం. లేచేసరికి పక్క ఓడ దూరమైంది, తాడు ముక్క డెక్కు మీద పడి ఉంది.

పైనుంచి స్పీకర్లో అడిగారు. "మీ వాళ్ళంతా ఉన్నారా? లెక్కపెట్టి చెప్పు."

నేను చూశాను. అటు నుంచి ఇటు, ఎప్పటిలాగే ఒక్కసారి. లేని మనిషి ఎవరూ నా కంటికి తగల్లేదు. "అందరూ ఉన్నారు సార్" అన్నాను.

లేనిదాన్ని కన్ను పట్టుకోవాలంటే ముందు అది కంటికి అలవాటై ఉండాలి. ఈ సంగతి మా బాపు నాకు నోటితో చెప్పలేదు. మందలోకి కొత్త గొర్రె వస్తే వారం రోజులు దాన్ని తన మంచం కోడుకే కట్టేసుకునేవాడు, మేపేటప్పుడు పక్కనే ఉంచుకునేవాడు. ఎందుకని నేను అడగలేదు. మెట్ల దగ్గర ఆగి పేరు చెప్పిన పిల్లవాడి ముఖం నేను చూసి ఉంటే, ఆ రోజు అతను లేడని నాకు తెలిసేది.

ఇరవై అయిదు నిమిషాలు. ఆ ఇరవై అయిదు నిమిషాలూ గొట్టాలు లాగాం, చుట్టాం, తాళ్ళు కట్టాం. ఒకడు నాకు చాయ్ కూడా తెచ్చిచ్చాడు, నేను తాగాను. అప్పుడు డెక్కు అంచున నీళ్ళలో ఒక హెల్మెట్ దొర్లుతూ కనిపించింది. ఎవరిదని అడిగాను. అందరి తలల మీదా హెల్మెట్లు ఉన్నాయి. నా జన్మలో మొదటిసారి వేలు పెట్టి మనుషులను లెక్కపెట్టాను. పదిమందే ఉన్నారు.

వించ్‌కూ గోడకూ మధ్య సందులో, గొట్టం మడతల కింద పడి ఉన్నాడు నాగేందర్. నేను ఎక్కడ నిలబెట్టానో అక్కడి నుంచి రెండు అడుగులు కూడా లేదు. తాడు దెబ్బకు వెనక్కి పడ్డాడు. పైనుంచి పడిన ఇనుప కప్పీ కింద ఎడమకాలు నలిగిపోయింది. తలకు దెబ్బ తగిలి స్పృహ లేదు. ఆ కప్పీ ఇద్దరు మోసే బరువు. నేనొక్కణ్ణే ఎత్తి పారేశానని తర్వాత అందరూ చెప్పుకున్నారు. నా బెల్టు తీసి తొడకు బిగించి, హెలికాప్టర్ వచ్చేదాకా అతణ్ణి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. బతికించినవాడు అనే పేరు నాకు అట్లా వచ్చింది.

కాలు మోకాలి కింద తీసేశారు. "ఓ ఇరవై నిమిషాలు ముందు తెస్తే కాలు దక్కేదేమో" అన్నాడు డాక్టరు. ఆ చివరి 'ఏమో' ఆయన ఊరికే అన్నాడు. నేను దాన్ని తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను.

విచారణలో ముగ్గురు ఆఫీసర్లు కూర్చున్నారు. "లెక్కపెట్టావా?" అని అడిగారు. లెక్కపెట్టలేదు, చూశాను అనాలి. మా బాపు సంగతి, గొర్రెల సంగతి చెప్పాలి. ఆ బల్ల ముందు, ఆ ఇస్త్రీ బట్టల ముందు నాకు సిగ్గేసింది. గొర్రెల కాపరి బుద్ధి ఎక్కడికి పోతుంది అంటారనుకున్నాను. "పెట్టాను సార్. పదకొండు" అన్నాను.

ఆ ఒక్క మాటతో నా తప్పు నాగేందర్ మీదికి పోయింది. పదకొండూ సరిపోయాయంటే లెక్క వేళకు నాగేందర్ అక్కడ ఉన్నట్టే కదా. అంటే ఆ తర్వాత, అనుమతి లేకుండా, తన స్థానం వదిలి వించ్ వెనక సందులోకి పోతే, తాడు తెగినప్పుడు వదులైన కప్పీ మీద పడ్డట్టే కదా. కాగితం మీద అట్లాగే రాశారు. నాగేందర్‌ను అడిగితే ఆ రోజు సంగతి ఏమీ యాదికి లేదన్నాడు. కాగితం నిజమనుకొని సంతకం పెట్టాడు. నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని అందుకున్నాను. ఇంకో నాలుగేళ్ళు అదే ఓడ మీద, ఆ వించ్ పక్కనుంచే నడుస్తూ నౌకరీ చేశాను.

బేస్తవారం పొద్దున్నే బయల్దేరాను. షాద్‌నగర్ నుంచి బస్సులో సీటు దొరికినా నిలబడే ఉన్నాను. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మారేటప్పుడు వెనక్కి పోదామా అనుకున్నాను. నాగేందర్ రెండుసార్లు ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావని అడిగాడు. పోతాను, తింటాను, రైలెక్కుతాను, పరేడ్‌లో నిలబడతాను, వస్తాను. ఓడను ఎట్లాగూ కోసి ఇనుముకు వేస్తారు, దానితోపాటు నా ముచ్చట కూడా పోతుంది. ఇట్లా నాకు నేనే నచ్చజెప్పుకుంటూ పోచంపల్లిలో దిగాను.

వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. నాగేందర్ గడప దాకా ఎదురొచ్చాడు. పెట్టుడు కాలు కనిపించకుండా ప్యాంటు వేసుకున్నాడు, నడకలో మాత్రం తెలుస్తుంది. ఇంట్లో ముందుగదిలో గుంట మగ్గం ఉంది, దాని మీద అతని భార్య మనీష నేస్తోంది. గుంట మగ్గానికి రెండు కాళ్ళూ కావాలి. నాగేందర్ పక్కన కూర్చొని నూలు పోగులకు రంగు అంటకుండా దారం చుట్టి చిటికి కడతాడు. మూలకు అతని తల్లి లీలమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. నన్ను చూడగానే రాట్నం ఆపి, లేచి వచ్చి, రెండు చేతులతో నా ముఖం నిమిరి మెటికలు విరిచింది.

"నా కొడుకును నా చేతుల వెట్టినవ్ బిడ్డా. నీ కడుపు సల్లగుండ."

బగార అన్నం, కోడికూర చేశారు. లీలమ్మ నా పక్కనే కూర్చొని వడ్డించింది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. నేను మొహమాటపడుతున్నాననుకొని ఇంకా వేసింది.

"ఏంజెయ్యాలె బిడ్డా, ఈనికి చిన్నగున్నప్పటికెల్లి కాలు నిలువది. మగ్గం మీద కూసోవెడితె పతంగుల ఎనుక ఉరికెటోడు. గాడ గూడ గట్లనే జేసిండు. పెద్దలు నిలబడమన్న కాడ నిలబడితె ఏమైతుండె?" అంది.

తిట్టు కాదు అది. రోజూ అనీ అనీ అరిగిపోయిన మాట. నాగేందర్ తలవంచుకొని నవ్వాడు. మగ్గం మీద మనీష నేత ఆపలేదు. ఆ ఇంట్లో ఆ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. నేను చెయ్యి కడుక్కొని వస్తానని లేచాను. కడిగిన చెయ్యే మళ్ళీ కడిగాను. వాకిట్లో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను.

నాగేందర్ ఒక కాగితం పట్టుకొని నా వెనకే వచ్చాడు.

"అన్నా, జర ఇది సూడు. రేపు పరేడ్ అయినంక పాతోళ్ళకు మైక్ ఇస్తరట. నేను రెండు ముక్కలు మాట్లాడాలె అనుకుంటున్న. నీకు ఇంగ్లీష్ మంచిగ వస్తది, తప్పులుంటె దిద్దు."

కాగితం తీసుకున్నాను. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలతో నిండా రాశాడు. ముందు తెలుగులో రాసుకొని కింద ఇంగ్లీషు చేసుకున్నాడు. తెలుగులో ఇట్లా ఉంది: "నేను సుభిక్ష మీద మూడు రోజులే పనిచేశాను. నా స్థానం వదిలి పోయి నా కాలు పోగొట్టుకున్నాను. నా నిర్లక్ష్యం వల్ల ఓడకు చెడ్డపేరు వచ్చింది. ఓడ వెళ్ళిపోయే ముందు ఓడకూ, మీ అందరికీ క్షమాపణ చెప్పుకోవాలని వచ్చాను. నన్ను బతికించిన మా మల్లికార్జున్ అన్నకు దండం పెడుతున్నాను."

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనబడలేదు. నేను ఏమీ చెప్పదలచుకొని ఆ ఇంటికి పోలేదు, ఆ మాట నిజంగా చెబుతున్నాను. కానీ రేపు ఆ డెక్కు మీద, అంతమంది ముందు, ఈ మనిషి పెట్టుడు కాలి మీద నిలబడి నా తప్పుకు క్షమాపణ చెబుతుంటే, నేను పక్కన నిలబడి ఆ దండం తీసుకోవాలి. అంత పని నా చేత కాలేదు.

"నాగేందర్, నేను లెక్కపెట్టలేదురా" అన్నాను.

"ఏంది?"

"ఆనాడు. పైకెల్లి అడిగినప్పుడు. ఉత్తగ సూసిన. సూసి అందరున్నరని చెప్పిన. నీ మొఖం నాకు గుర్తు లేకుండె. నువ్వు లేనట్టు నాకు తెల్వలె. తర్వాత లెక్కవెట్టిన అని అబద్ధం చెప్పిన."

నేను చెప్పుకుంటూ పోయాను. హెల్మెట్, పదిమంది, ఇరవై అయిదు నిమిషాలు, డాక్టర్ మాట, చాయ్ తాగిన సంగతి కూడా. ఆపితే మళ్ళీ చెప్పలేనని భయం. అంతా అయ్యాక అతను అడిగింది కాలు గురించి కాదు.

"అంటె... నేను జాగ ఇడిసి పోలేదా?"

"పోలేదు."

"యాడ ఉన్న మరి?"

"నేను నిలబెట్టిన కాడనే ఉన్నవ్. తాడు దెబ్బకు ఎనుకకు పడ్డవ్. నువ్వు ఏ తప్పూ జెయ్యలేదు."

"మల్లొక్కసారి చెప్పు."

చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. అతను గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. పెట్టుడు కాలు వంగక ముందుకు చాచుకుపోయింది. రెండు చేతుల్లో ముఖం పెట్టుకొని ఏడ్చాడు. మగ్గం చప్పుడు ఆగిపోయింది. మనీష గడపలోకి వచ్చి నిలబడింది.

"ఎందుకు పోయిన, ఎందుకు పోయిన అని తొమ్మిదేండ్లు సోంచాయించిన" అన్నాడు నాగేందర్, ముఖం ఎత్తకుండానే. "ఏం జూసి పోయినో, ఎవలు పిలిస్తె పోయినో... ఎంత జేసినా యాదికి రాలె. నేను ఎసువంటోన్నో నాకే సమజ్ కాకపోయేది. బజార్ల రోడ్డు దాటాల్నంటె గూడ నా మీద నాకు నమ్మకం లేకుండె."

అన్నం తిన్న ఇంట్లో నన్ను చెప్పుతో కొట్టినా బాగుండుననిపించింది. అతను కొట్టలేదు. కాసేపటికి ముఖం తుడుచుకున్నాడు. నా చేతిలోని కాగితం తీసుకొని, వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు.

"నీ చేత్తోని రాయి. జరిగింది జరిగినట్టు. రేపు నువ్వే సదువాలె."

"సదువుత" అన్నాను.

వాకిట్లో బండ మీద కూర్చొని రాశాను. ఎన్ని రోజుల తర్వాతో ఒకచోట కూర్చున్నాను. పెన్ను ఒత్తిడికి రెండుచోట్ల కాగితం చిరిగింది. రాసింది నాగేందర్ చదువుకొని తల ఊపాడు.

"ముందుగాల అమ్మకు సదివి వినిపియ్యి" అన్నాడు.

"నువ్వు చెప్పరాదు? నాకు..."

"నేను ఇన్నేండ్లు చెప్పిందే ఆమె నమ్మింది. ఇప్పుడు నువ్వు చెప్పాలె." అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. అందులో అన్నా అన్న పిలుపు లేదు. "అమ్మా, రాట్నం ఆపు. ఈ సార్ ఏమో చెప్తడట, ఇను."

లీలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కొడుకు కళ్ళు చూసి, నా చేతిలో కాగితం చూసి, రైలు తప్పిందా అని అడిగింది. నేను లేచి నిలబడి చదివాను. విచారణలో ఎట్లా నిలబడ్డానో అట్లాగే నిలబడ్డాను. ఓడ మాటలు ఆమెకు అర్థం కావని, చివర మళ్ళీ మన మాటల్లో చెప్పాను. నీ కొడుకు నిలబడమన్న చోటే నిలబడ్డాడు, కాలు నిలవనిది నీ కొడుకుకు కాదు, కన్ను నిలవనిది నాకు అన్నాను.

ఆమె కొడుకు దగ్గరికి పోయి తల మీద చెయ్యి పెట్టింది. పెట్టుడు కాలి చెప్పు పక్కకు తొలగి ఉంటే వంగి సరిచేసింది. తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"వీళ్ళ నాయిన ఐలేశం పోయి మూడేండ్లాయె" అంది నా వైపు తిరిగి. "జాగ ఇడిసి వచ్చినోడు నాకు కొడుకు కాదని ఆరేండ్లు ఈనితోని మాట్లాడలె. పానం పోయెటప్పుడు ఈడు నీళ్ళు పోస్తనని గిలాస పట్టుకొని మంచం కాడ నిలబడితె గోడ దిక్కు మర్లిండు. నోరు తెరువలె. దూప తోనే పోయిండు."

నాగేందర్ తల పక్కకు తిప్పుకున్నాడు. లీలమ్మ ఒక అడుగు నా దగ్గరికి వచ్చింది.

"ఆయనకెవలు చెప్తరు బిడ్డా ఇప్పుడు?"

నిజంగానే అడిగింది. అడిగి, నేనేం చెబుతానో అని నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.